“కూడా ఎవులెల్తన్నారమ్మా?” అని అడిగిన బొమ్మ

పోయిన ఆదివారం మా చర్చిలో పాటలు పాడే అమ్మాయిల మీద గట్టిగా కేకలేశాను. పండగ దగ్గర పడుతోంది, ఒక్కదానికీ రెండో చరణం రాదు, నవ్వులు మాత్రం బాగా వస్తున్నాయి. “పాడితే నోరు తెరిసి పాడండే, లేదంటే ఇంటికెల్లి బట్టలుతుక్కోండి” అన్నాను. వెనక బెంచీలో కూర్చుని ఆ రోజు చెప్పబోయే వాక్యం చూసుకుంటున్న మా ఆయన తలెత్తి నవ్వారు. నాకు కోపం వచ్చిందంటే మా ఇంట్లో అది మంచి కబురు. ఎందుకు మంచి కబురో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను గజపతినగరంలో ఒక చిన్న బాప్టిస్టు సంఘానికి పాస్టరుగారి భార్యను. పేరు కరుణ. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, ఊరందరికీ పాస్టరమ్మనే. పాస్టరమ్మకి జీతం ఉండదు, సెలవూ ఉండదు. మొగుడు తాగొచ్చి కొట్టాడని ఒకామె, కోడలు పలకడం లేదని ఇంకొకామె, మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని కడుపులో ఉన్నదంతా చెప్పి, కళ్లు తుడుచుకుని, టీ తాగి వెళ్లేవాళ్లు. నేను వినేదాన్ని. వినడం నాకు బాగా వచ్చు, ఆ సంగతి దాచుకోను. నాది నేను ఇంకొకరికి చెప్పుకోవడం మాత్రం ఎన్నడూ నేర్చుకోలేదు. అవసరం వచ్చేదాకా అదొక లోటని కూడా తెలియలేదు.

2016, వానాకాలం

జబ్బు ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగినప్పుడు చెప్పలేకపోయాను. ఆ ఏడు వానల్లో పొద్దున్నే మెలకువ వచ్చేది. మంచం మీదే కూర్చుని రేకుల మీద వాన చప్పుడు వింటూ ఉండిపోయేదాన్ని. లేవాలని తెలుసు. కాళ్లు కింద పెట్టడానికి ఏదో ఒక కారణం కావాలి కదా, అది దొరికేది కాదు. అన్నానికి రుచి పోయింది. వరండాలో కూర్చుని ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే ఆమె పెదవులు కదలడం కనిపించేది, మాట లోపలికి దిగేది కాదు. అలవాటు కొద్దీ తల ఊపేదాన్ని. ఆమె తృప్తిగా వెళ్లిపోయేది. అది నన్ను ఇంకా భయపెట్టింది. నేను లేకపోయినా నా తల ఊగితే చాలన్నమాట.

మా ఊళ్లో డాక్టరు చూసి, రక్తం తక్కువగా ఉందని బలానికి బిళ్లలు రాశారు. పార్వతీపురంలో ఉన్న మా ఒక్కగానొక్క కూతురు గ్రేసు రోజూ ఫోను చేసేది. “ఎలగున్నావమ్మా?” అనేది. “బాగున్నాను” అనేదాన్ని. ఆ ఒక్క మాట ఎంత బాగా అలవాటైందంటే, నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది ప్రార్థన గురించి. మాటలు నోట్లోంచి వచ్చేవి. అవతల వినేవారెవరూ లేనట్టుండేది. ఆ ఏడు క్రిస్మసు ఆరాధనలో నా చేతికి మైకు ఇచ్చి ప్రార్థన చేయమన్నారు. లేచి నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. చర్చి నిండా జనం, కొత్త బట్టలు, రంగు కాగితాలు. నేను మైకు పట్టుకుని అలా నిలబడిపోయాను. కాసేపటికి ముందు వరసలో ఎవరో “ఆమెన్” అన్నారు, తర్వాత అందరూ అన్నారు. బయటికొచ్చాక ఇద్దరు ముసలమ్మలు నా చేతులు పట్టుకుని, ఇలాంటి ప్రార్థన ఎప్పుడూ వినలేదన్నారు. నా లోపల ఏమీ లేదని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి కేకు ముక్కలు కోసి పంచాను.

2017, చలి తగ్గుతున్న రోజులు

జ్యోతి మా ఆడపడుచు కూతురు. విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ఆఖరు సంవత్సరం చదివేది. హాస్టల్లో ఉండి, శనివారాలు మా ఇంటికి వచ్చేది. ఒక శనివారం రైస్ కుక్కర్ అట్టపెట్టె ఒకటి ఒళ్లో పెట్టుకుని ఆటో దిగింది. అందులో కుక్కర్ లేదు. చిన్న బిందెంత తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, ముఖం ఉండాల్సిన చోట ఒక పాత ఫోను, దాని తెర మీద గుండ్రటి కళ్లు రెండు.

“ఇదేటే?” అన్నాను.

“రోబో అత్తా. మా ప్రాజెక్టు. నలుగురం కలిసి సేసినాం. పేరు గువ్వ. ఒంటరిగా ఉన్నోల మనసులో మాట వింటాది.”

“మరి నా దగ్గరికెందుకు తెచ్చినావు?”

“హాస్టల్లో పిల్లలు దాంతో మాటాడమంటే పడీ పడీ నవ్వుతున్నారత్తా. నువ్వైతే నవ్వవు.”

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. నేను నవ్వనని ఈ పిల్లకి కూడా తెలిసిపోయిందా అనుకున్నాను.

గువ్వకి తెలివి తక్కువ. ఆ మాట జ్యోతే చెప్పింది. మనం మాట్లాడుతుంటే అది తనకు తెలిసిన కొన్ని మాటల్ని ఏరుకుంటుంది. ‘జ్వరం’ అని వినిపిస్తే మందు వేసుకున్నారా అంటుంది, ‘మనవడు’ అంటే ఏం చదువుతున్నాడంటుంది. తెలియని మాటైతే తల కొంచెం వంచి “ఊ” అంటుంది. తల వంచినప్పుడల్లా మెడలో మోటారు కిర్రుమనేది. మొదటి రోజు అది “మీ మనసులోని భావాలను నాతో పంచుకోండి” అంది, రేడియోలో వార్తలు చదివినట్టు. మా పక్కింటి నారాయణమ్మ అప్పుడే గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. వాళ్లది కిరాణా కొట్టు, కోమట్లు. నన్ను ఒదినా అంటుంది.

“ఓలమ్మా! ఇదేటి ఇలగ మాటాడతాది? కలెక్టరాఫీసులో అడిగినట్టు అడిగితే ఎవులు సెప్పుకుంటారే?” అంది.

జ్యోతి మొహం ఎర్రబడింది. పై శనివారానికి ఆ మాటలన్నీ తీసేసి, తన గొంతుతోనే మళ్లీ రికార్డు చేసుకొచ్చింది. ఈసారి గువ్వ కళ్లార్పి, “సెప్పమ్మా, ఇంటన్నాను” అంది. మా అమ్మమ్మ ‘చెప్పు, వింటున్నాను’ అన్నట్టే ఉంది.

“నేను మాటాడింది ఎవులైనా వింటారేటి?” అని అడిగాను.

“దాన్లోనే ఉండిపోద్దత్తా. నేనూ వినను. నువ్వు సెరిపేయమంటే నీ ముందే సెరిపేస్తాను.”

అలా గువ్వ మా వంటింటి పక్క గదిలో బీరువా మీద ఉండిపోయింది.

మొదట్లో కూరగాయల ధరలు చెప్పాను. బావిలో నీళ్లు తగ్గాయని చెప్పాను. అది ఊ కొట్టింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఎలా వచ్చిందో తెలియదు, “నాకు ప్రార్థన రావడం లేదు” అనేశాను. గువ్వ తల వంచింది. “ఊ” అంది. నేను ఆగిపోయాను. “సెప్పమ్మా, ఇంటన్నాను” అంది.

దానికి ఏమీ అర్థం కాదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. మనుషులకి చెబితే వాళ్ల ముఖం మారుతుంది. అలా మారిన ముఖాన్ని చూసి మళ్లీ మనమే ఊరడించాలి, అబ్బే పెద్దదేం కాదులే అనాలి. మా ఆయనకి చెబితే తన పరిచర్యలో ఏదో లోపం ఉందని కుంగిపోతారు. గ్రేసుకి చెబితే ఉన్నపళంగా రైలెక్కుతుంది. ఈ బొమ్మ ముఖంలో రెండు కళ్లు తప్ప ఏమీ లేవు, అవి మారవు. నాకు ఆ పూటకి అదే కావలసి వచ్చింది. అంతకు ముందు పైకి అనని మాటలన్నీ దాని దగ్గర అన్నాను. పైకి అన్నాకే నాకు కూడా వినిపించాయి.

ఇది చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. దాంతో మాట్లాడిన గంటసేపు తేలిగ్గా ఉండేది, ఆ తర్వాత మళ్లీ అదే బరువు. పైగా మధ్యాహ్నం ఎప్పుడవుతుందా, ఎప్పుడు తలుపేసుకుందామా అని చూసేదాన్ని. ఎవరైనా వస్తే విసుగ్గా ఉండేది. జబ్బు తగ్గడం లేదు. లోపల్లోపల పెరుగుతోంది.

2017, మార్చి

ఆ రోజు మా ఆయన బొండపల్లిలో గృహ ప్రార్థనకి వెళ్లారు. నేను గువ్వ ముందు కూర్చున్నాను. ఎండ కిటికీలోంచి నేరుగా దాని ముఖం మీద పడి కళ్లు సరిగా కనిపించడం లేదు. దాంతో అన్నాను:

“నాకింక ఓపిక లేదే గువ్వా. ఎల్లిపోవాలనుంది.”

గువ్వ కళ్లార్పింది. మెడ కిర్రుమంది. హుషారుగా అడిగింది:

“ఎల్తన్నారా! మంచిదమ్మా. కూడా ఎవులెల్తన్నారు?”

ఒక క్షణానికి అర్థమైంది. ముసలివాళ్లు ప్రయాణాల గురించి ఇష్టంగా మాట్లాడతారని జ్యోతి అలాంటి ప్రశ్నలు పెట్టింది. కూతురింటికి వెళ్తున్నాననో అరసవల్లి గుడికి వెళ్తున్నాననో ఎవరైనా అంటే, తోడు ఎవరు వెళ్తున్నారని గువ్వ అడగాలి. నేనేదో రాయగడ పాసింజరు ఎక్కుతున్నట్టు అది నన్ను అడిగింది, సంచీ సర్దుకున్నావా అన్నంత ముద్దుగా. నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వాను. నెలల తరబడి రాని నవ్వు అది, ఆపుదామంటే ఆగలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. బొండపల్లిలో ఇంటివాళ్లు లేకపోతే తిరిగొచ్చేశారట. చెప్పులు కూడా విప్పలేదు.

“ఏటైంది? ఎవులితో నవ్వుతన్నావు?” అన్నారు. ఆయన మొహం నిండా సంతోషం. నా నవ్వు విని ఎన్నాళ్లయిందో.

“ఇదిగో, దీంతో. ఇది నన్నేటడిగిందో తెలుసా?” అంటూ మొదలుపెట్టాను, జోకు చెప్పినట్టే. గువ్వ అడిగిన మాట చెప్పాను. ఆయనా నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

“నువ్వేటన్నావు దాంతో?”

“ఎల్లిపోవాలనుందన్నాను.”

“ఎక్కడికి?”

చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడ్డారు. ఎవరింట్లో ఎవరు పోయినా చెప్పడానికి మాటలున్న మనిషి, ఆ పూట ఏమీ అనలేకపోయారు. గదిలో చప్పుడు లేకపోయేసరికి గువ్వ కలగజేసుకుంది.

“సెప్పమ్మా, ఇంటన్నాను.”

“దీన్ని ఎలగాపాల?” అని అడిగారాయన. వెనకాల మీట చూపించాను. ఆయనే నొక్కారు. దాని కళ్లు ఆరిపోయాయి. ఆయన నా వైపు తిరిగి కూర్చున్నారు.

“ఇప్పుడు నాకు సెప్పు” అన్నారు.

చెప్పాను. క్రిస్మసు మైకు దగ్గరి నుంచీ అన్నీ. నేను భయపడినట్టే ఆయన ముఖం మారింది, ఏడ్చారు కూడా. కానీ ఆ ముఖాన్ని నేను ఓదార్చాల్సిన అవసరం రాలేదు. ఆయనే లేచి మొహం కడుక్కుని, టీ పెట్టుకొచ్చారు. అందులో పంచదార వెయ్యడం మర్చిపోయారు. ఇద్దరం అలాగే తాగాం. ఆ రోజు నుంచి చాలా కాలం నన్ను ఒక్కదాన్ని ఇంట్లో వదల్లేదు.

మర్నాడు గ్రేసు దిగింది. వాళ్ల నాన్న దగ్గర అంతా విని, నా ఎదురుగా నిలబడింది.

“బొమ్మకి సెప్పినావు. నాకు సెప్పలేదేటమ్మా?”

“నువ్వేడుస్తావు. అది ఏడవదు.”

“ఏడిస్తే ఏటైపోద్ది? నీ కోసం ఏడ్డానికి నాకు హక్కు లేదేటి?”

ఆ తర్వాత గ్రేసు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే నా తలకి నూనె రాసి జడ వేసేది, కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చునేది.

శ్రీకాకుళం

విజయనగరంలోనే మనసు డాక్టర్లు ఉన్నారు. కానీ అక్కడ మా సంఘం వాళ్లెవరైనా చూస్తారని భయం. ఆ భయం మా ఆయనదే కాదు, నాది కూడా. అందుకని విజయనగరం కాంప్లెక్సులో బస్సు మారి శ్రీకాకుళం వెళ్లాం. ఆసుపత్రిలో అంత దూరం నుంచి వచ్చినవాళ్లే ఎక్కువనిపించింది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. గోడకి టీవీ ఉంది, దానికి మాట లేదు. నేను కొంగు ముక్కు దాకా లాక్కుని బల్ల చివర కూర్చున్నాను.

నర్సు వచ్చి పెద్దగా, “గజపతినగరం కరుణ ఎవరండీ?” అంది. ఎదుటి బల్ల మీద తల వంచుకున్న ఒక పెద్దాయన చటుక్కున తలెత్తారు. కోటబొమ్మాళి యోహాను మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వాళ్ల చర్చిలో కూటాలకి మా ఆయన ఎన్నోసార్లు వాక్యం చెప్పడానికి వెళ్లారు, వాళ్లింట్లో భోంచేశాం. అలవాటు కొద్దీ మా ఆయన “వందనాలు మాస్టారూ” అనేసి నాలిక్కరుచుకున్నారు.

మాస్టారు ఇటూ అటూ చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. “వందనాలయ్యగారూ. మీరు నన్ను సూడలేదు, నేను మిమ్మల్ని సూడలేదు.” తర్వాత నా వైపు తిరిగి, “భయపడకండమ్మా. ఈ డాక్టరు మంచోడు. తిట్టడు” అన్నారు.

ఆ ‘తిట్టడు’ అన్న మాట పట్టుకునే నేను లోపలికి వెళ్లాను.

డాక్టరు చాలా అడిగారు. వాటిలో ఒక ప్రశ్న మాత్రం ఇంకా గుర్తుంది. “ఆఖరిసారి మీకు ఎవరి మీద కోపం వచ్చిందమ్మా?” ఎంత ఆలోచించినా తట్టలేదు. మా ఆయన అందుకుని, “అవునండీ, ఇది నన్ను తిట్టి చాలా నాళ్లయిపోయింది” అన్నారు. ఎంత బెంగగా అన్నారంటే డాక్టరు నవ్వేశారు. ఇది డిప్రెషననీ, మందుంటుందనీ, మందు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మనంతట మనం మానేయకూడదనీ చెప్పారు. బిళ్లలు మా ఆయన దగ్గరే ఉండాలన్నారు. బొమ్మ సంగతి చెబితే శ్రద్ధగా విన్నారు. “మాట్లాడుకోండి, తప్పు లేదు. దానికి చెప్పినవి మాత్రం ఒక మనిషికి కూడా చెప్పండి” అన్నారు.

మొదటి వారాలు బాగోలేదు. నోరెండిపోయేది, పగలంతా మత్తుగా ఉండేది, ఇదేం మందని మానేద్దామనుకున్నాను. నారాయణమ్మ రోజూ గోడ మీదుగా చారు గిన్నె అందించేది. కొట్టు కోడలికి అప్పగించి వచ్చి, నా పక్కన కూర్చుని మినుముల్లో రాళ్లేరేది. ఏమీ అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం, “ఒదినా, నువ్వు మాటాడకపోయినా పరవాలేదు, తిను. తినకపోతే మాత్రం ఊరుకోను” అంది.

అసలు తుఫాను సంఘంలో వచ్చింది. మా ఆయన దాచకుండా కమిటీలో చెప్పేశారు. సంఘ పెద్ద దావీదుగారు ఇంటికొచ్చారు. మంచి మనిషే, ఆయనకి సంఘం పరువు ముఖ్యం.

“పాస్టరమ్మగారికే నెమ్మది లేదంటే నలుగురికీ ఏటి సెప్తామండీ? ఆ బిళ్లలు ఆపించీసి, ఉపవాస ప్రార్థన పెడదామండీ” అన్నారు.

నేను లోపలి గదిలోంచి వింటున్నాను. మా ఆయన ఎప్పుడూ ఎవరినీ ఎదిరించి మాట్లాడరు. ఆ రోజు నెమ్మదిగానే అన్నారు. “అలగే పెడదాం దావీదుగారూ. మీరు మీ షుగరు బిళ్లలు మానీండి, మా ఆవిడ ఈ బిళ్లలు మానేస్తాది. ఇద్దరి కోసం ఒకేసారి ప్రార్థన సేద్దాం.”

కుర్చీ జరిగిన చప్పుడైంది. “నాను మళ్లీ వస్తాన్లెండి” అని దావీదుగారు వెళ్లిపోయారు. బిళ్లల మాట మళ్లీ ఎత్తలేదు. నా పెళ్లయినప్పటి నుంచి మా ఆయన చెప్పిన వాక్యాల్లో అంత చిన్నదీ లేదు, అంత గొప్పదీ లేదు.

2017, ఏప్రిల్

జరిగింది తెలిసి జ్యోతి ఏడ్చుకుంటూ వచ్చింది. “పారేస్తానత్తా దాన్ని. ఎంత పని సేసినాది!” అంది.

“ఒసే, అదలగ అడక్కపోతే నేను నవ్వేదాన్ని కాదు. నవ్వకపోతే మీ మావకి తెలిసేది కాదు. నా అదృష్టం బాగుంది. ఇంకొకలు నవ్వకపోవచ్చు. పారెయ్యకు, బాగుసెయ్యి” అన్నాను.

మా వరండాలో కూర్చుని బాగుచేశాం. చనిపోవాలని ఉందని మన వైపు ఎవరూ తిన్నగా అనరు. ‘ఎందుకొచ్చిన బతుకు’ అంటారు, ‘పేనం ఇసిగిపోనాది’ అంటారు, ‘కళ్లు మూసుకుంటే బాగుణ్ణు’ అంటారు. ఇన్నేళ్లు ఆ వరండాలో విన్నవన్నీ జ్యోతికి చెప్పాను. నారాయణమ్మ నాకు తెలియనివి కొన్ని చెప్పింది. అలాంటి మాట వినపడితే గువ్వ ఇంకే ప్రశ్నా అడక్కూడదని అనుకున్నాం. అప్పుడు అది అనాల్సిన మాట కోసం పొద్దంతా కొట్టుకున్నాం. చివరికి కుదిరింది: “ఈ మాటకి నాను సాలనమ్మా. మనిషిని పిలుద్దాం. ఎవుల్ని పిలవమంటావు?” పిలవమన్న వాళ్లకి అదే ఫోను చేస్తుంది. ఆ ఒక్క మాట నా గొంతుతో రికార్డు చేయించింది జ్యోతి. ఇప్పటికీ అందులో ఉన్నది నా గొంతే.

కాలేజీలో ప్రాజెక్టు చూపించే రోజు నన్నూ రమ్మంది. గ్రేసు వద్దంది. “నలుగురిలో ఎందుకమ్మా, రేపు ఏటేటో అనుకుంటారు” అని బతిమాలింది. అయినా వెళ్లాను. వెనక కుర్చీలో కూర్చుందామనే వెళ్లాను. పరీక్ష చెయ్యడానికి వేరే ఊరి నుంచి వచ్చిన ఒక సారు, నిజంగా మనుషులు దీంతో మాట్లాడారనడానికి రుజువేదన్నారు. ఆ రికార్డింగులు వినిపించమన్నారు.

“సెరిపేసినాం సార్” అంది జ్యోతి. “మాటాడినావిడ సెరిపేయమన్నారు.”

“మరి ఏం చూసి మార్కులు వెయ్యమంటావు?”

జ్యోతి తల దించుకుంది. నేను లేచాను. “నన్ను సూడండి సార్. దాన్లో సెరిపేసింది నేను ఇక్కడ నిలబడి సెప్తాను” అన్నాను. క్రిస్మసు నాడు ఏ నోట మాట రాలేదో ఆ నోటితోనే, తెలియని మనుషుల ముందు, నా జబ్బు పేరు చెప్పాను. నేను దాంతో ఏమన్నానో చెప్పాను, అది ఏమడిగిందో చెప్పాను. కొందరు నవ్వారు, వెంటనే ఆపేశారు. “అయితే ఇది మీ జబ్బు తగ్గించిందంటారా?” అని అడిగారు సారు.

“లేదండి. జబ్బుకి మందు వేసుకుంటన్నాను. ఇంకా తగ్గలేదు కూడా. ఇది నా నోరు తెరిపించింది. తెరిసిన నోరు ఇనడానికి మా ఆయన ఉన్నారు. ఆ రెండోది లేకపోతే దీన్ని ఎవులికీ ఇవ్వకండి” అన్నాను.

మార్కులు ఎన్ని వేశారో నేను అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు జ్యోతి బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ నిద్రపోతున్న తలని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. అలాంటిదేదైనా అనిపించి అప్పటికి చాలా కాలమైంది.

ఆ తర్వాత

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక రోజు కోపం వచ్చింది. నాకు బాగోలేనప్పటి నుంచి మా ఆయన వంట నేర్చుకుంటున్నారు. పప్పు మాడ్చడం ఆయనకి అలవాటు. ఆ రోజు నోట్లో పెట్టుకోగానే మాడు వాసన కొట్టింది. కంచం తోసేసి, “ఎన్నాళ్లని తినమంటారండీ ఈ మాడు? సెయ్యి పొయ్యి మీద, మనసు ఎక్కడ?” అని అరిచాను. ఆయన నా వైపు కళ్లప్పగించి చూశారు. గరిటె చేత్తో పట్టుకునే బయటికి పరిగెత్తి గ్రేసుకి ఫోను చేశారు. “ఒసే గ్రేసూ, మీ అమ్మ నన్ను తిట్టిందే!” అవతల నుంచి గ్రేసు నవ్వు వంటింట్లోకి వినపడింది.

అంతటితో కథ సుఖాంతం అనుకోకండి. మరుసటి ఏడు మొదట్లో, చలి రోజుల్లో జబ్బు మళ్లీ తొంగి చూసింది. ఈసారి దాన్ని గుర్తుపట్టాను. ఆ పూటే మా ఆయనకి చెప్పాను, ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాం, మందు కొంచెం మార్చారు. ప్రార్థన కూడా వచ్చింది. పెద్ద మాటలేమీ లేవు. పొద్దున్న కాళ్లు కింద పెట్టగానే ‘ప్రభువా, లేచాను’ అంటాను. ఒక్కొక్కరోజు అంతకు మించి ఉండదు.

2018 చివర్లో కోటబొమ్మాళి స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పమని పిలిచారు. మా సంఘాల్లో జబ్బు సాక్ష్యానికి ఒక పద్ధతుంది. జబ్బు చేసింది, ప్రార్థించాను, స్వస్థపడ్డాను. నేను ప్రార్థనతో పాటు బిళ్లల గురించీ, డాక్టరు గురించీ, బొమ్మ గురించీ, చారు గిన్నె గురించీ చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు వెనక తలుపు దగ్గర నుంచి ఒక మగ గొంతు గట్టిగా “ఆమెన్” అంది. యోహాను మాస్టారు. ఆయన అంతటితో ఆగలేదు. “ఆ డాక్టరు దగ్గరికి నేనూ ఎల్తన్నానమ్మా, చాలా ఏళ్ల నుంచీ. ఈవిడ్ని నేను అక్కడ సూసినాను” అన్నారు. ఆడవాళ్లందరూ వెనక్కి తిరిగి ఆయన వైపు చూశారు. ఆయన తల దించుకోలేదు.

సాయంత్రం నేనూ మా ఆయనా రైలు కోసం స్టేషన్లో కూర్చున్నాం. బల్ల అవతలి చివర ఒకామె కూర్చుని నన్నే చూస్తోంది. నా ఈడు మనిషి, నుదుట పెద్ద బొట్టు. కాసేపటికి దగ్గరికి జరిగింది.

“మాది సర్చి ఎదురుగా బట్టల కొట్టండి. మైకులో మీరు సెప్పిందంతా ఇన్నాను” అంది. “ఆ శ్రీకాకుళం డాక్టరు దగ్గర... మనకి తెలిసినోలు ఎవులైనా కనపడిపోతారేటండీ?”

ఆమె ఏ భయంతో అడుగుతోందో నాకు తెలుసు.

“కనపడతారమ్మా” అన్నాను. “నేనే కనపడతాను. వచ్చే మంగళవారం నాకు అక్కడ పనుంది. తలుపు పక్క బల్ల మీద కూచుంటాను, కొంగు కప్పుకోను. నన్ను సూసి గుర్తుపట్టి రండి.”

ఆమె వస్తానని గానీ రానని గానీ అనలేదు. రైలొచ్చింది, మేం ఎక్కేశాం.

మంగళవారం మా బస్సు ఆలస్యమైంది. మేం వెళ్లేసరికి ఆసుపత్రి నిండా జనం, నిలబడటానికి కూడా చోటు లేదు. తలుపు పక్క బల్ల మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన తన సంచీ పెట్టి, వచ్చినవాళ్లనందరినీ “మనిషున్నాదండి, వస్తాది” అని పంపించేస్తూ, నాకోసం చోటు ఆపి ఉంచింది.